ఎముకల ఆపరేషను తరువాత నొప్పి: ఓర్చుకొనవలసినదా, చెప్పవలసినదా?

తాటిచెట్టు మీదినుండి పడినవారు, మోటారు సైకిలు బోల్తాపడి కాలు విరిగినవారు, దొడ్డిలో తడినేలపై జారిన ముసలివారు, ఇట్టివారితో జిల్లా ఆసుపత్రులలోని ఎముకల వార్డు ఏనాడును నిండియే యుండును. ఒకప్పుడు కాలు విరిగినవానికి బద్దలు కట్టి నెలల తరబడి మంచమున పరుండబెట్టెడివారు. నేడు విరిగిన ఎముకలో రాడ్డు దూర్చియో, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించియో, వీలైనంతవరకు మరునాడే రోగిని లేపి నిలువబెట్టుచున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైన పిమ్మట ఇట్టి ఆపరేషనులు పేద కుటుంబములకును అందుబాటులోనికి వచ్చినవి. రాడ్డు వేయుదురని నేడు ఊరిలో పిల్లలకు కూడ తెలియును. ఆ తరువాత వచ్చు నొప్పిని గూర్చి ఏమి చేయవలెనో తెలిసినవారు మాత్రము తక్కువ.

ఇటీవల మేము ఒక జిల్లా ఆసుపత్రికి పోయియుండగా, తుంటి విరిగి ఆపరేషను జరిగిన డెబ్బది ఏండ్ల వృద్ధురాలిని చూచితిమి. అది రెండవ దినము. ఆమె కుమారుడు మాతో గర్వముగా, “మా అమ్మ గట్టి మనిషండీ. ఇంతవరకు అబ్బా అన్న మాట లేదు” అనెను. ఆమె నిజముగానే మూలుగుట లేదు. కాని ప్రక్కకు తిరుగుట లేదు, దగ్గుట లేదు, నిండుగా ఊపిరి తీయుటయు లేదు. నర్సు దిండు ఎత్తి చూడగా, ఇచ్చిన మాత్రలు ఇచ్చినట్లే కాగితములో చుట్టబడి యున్నవి. వేడి చేయునని ఆమె వానిని మ్రింగలేదట! వైద్యుడు వచ్చి, “మామ్మా, నొప్పిని నువ్వు ఓర్చుకుంటున్నావు సరే, నీ ఊపిరితిత్తులు ఓర్చుకోవద్దూ?” అని అడిగెను.

ఈ మాటలో ఉన్న సంగతిని చదువరులకు వివరముగా చెప్పదలచితిమి. నొప్పిని నోరు మెదపక భరించుట మన పల్లెలలో గౌరవముగా ఎంచబడుచున్నది; స్త్రీల విషయమున మరియు ఎక్కువగా. ఎముకల ఆపరేషను తరువాత ఆ ఓర్పు మేలు చేయక కీడు చేయవచ్చును.

ఎముకకు ప్రాణము లేదని కొందరనుకొందురు. గట్టి భాగము సంగతి ఎట్లున్నను, దానిపై కప్పియుండు పలుచని పొరలో నరములు దట్టముగా అల్లుకొనియుండును. ఎముక విరిగినను, దానిని సరిచేయుటకై తొలిచినను ఆ పొర ముందుగా కేకవేయును. చర్మము, కండరములు కోయబడుట, ఆ చోట రక్తము చేరి వాపు పెరుగుట దీనికి తోడు. కనుకనే మొదటి రెండు మూడు దినములు నొప్పి ముమ్మరముగా ఉండి, ఆ మీదట దినదినమును తగ్గుచు పోవును. ఈ క్రమమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. తగ్గవలసిన నొప్పి తగ్గక పెరుగుచున్నదన్న, దాని వెనుక ఏదో యున్నదన్నమాట. ఆ విషయమునకు మరల వత్తుము.

నొప్పికి భయపడి కదలనివానికి ఏమగును? నిండుగా ఊపిరి తీయనందున కఫము అడుగున చేరి న్యుమోనియా వచ్చును. పిక్కలు ఆడనందున కాలి సిరలలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు ప్రాకి ప్రాణము మీదికి తెచ్చును. వీపునను పిరుదులపైనను ఒరిపిడి పుండ్లు పడును. మోకాలు, మోచేయి వంటి కీళ్లు బిగుసుకొనిపోయి, ఎముక చక్కగా అతికినను కాలుచేతులు పనికిరాకపోవును. నిద్రలేని ముసలివారికి మతి తప్పి, తామెక్కడ ఉన్నదియు తెలియక పలవరించుటయు కలదు. ఇవన్నియు ఎముక విరుగుటవలన గాక, కదలకపోవుటవలన వచ్చు చేటులు. నొప్పి తగ్గించుట రోగికి చేయు ఉపకారము మాత్రమే కాదు. అతనిని కదిలించుటకు అది మొదటి మెట్టు.

ఈ పని ఆపరేషను బల్లమీదనే మొదలగుచున్నది. నడుము క్రింది ఆపరేషనులలో పెక్కింటికి వెన్నులో సూది వేసి కాళ్లను మొద్దుబార్చుదురు. 1898లో జర్మనీదేశమందలి కీల్ నగరమున ఆగస్టు బీర్ అను వైద్యుడు ఈ పద్ధతిని మొదట ప్రయోగించెను. అతని మొదటి రోగి క్షయవలన చీలమండ చెడిన ఒక కూలివాడు. బీర్ తనమీద కూడ ప్రయోగము చేయించుకొనబోయి, వెన్నులోని నీరు కారిపోవుటచే కొన్ని దినములు తలయెత్తలేని తలనొప్పితో మంచమెక్కెను. నేటి సన్నని సూదులతో అట్టి తలనొప్పి అరుదు. అయినను, కూర్చున్నప్పుడు పెరిగి పరున్నప్పుడు తగ్గు తలనొప్పి కనబడినచో వైద్యునికి చెప్పవలెను. “వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుము నొప్పి” అను మాట ఊరూర వినుచున్నాము. సూది గ్రుచ్చినచోట కొన్ని దినములు సలుపు ఉండవచ్చునే గాని, ఆజన్మాంతము నిలుచు నొప్పి దానివలన వచ్చునన్న మాటకు ఆధారము లేదు.

వెన్ను సూది గాక, చేతికిగాని కాలికిగాని పోవు నరము ప్రక్కన మాత్రమే మందు వేసి ఆ భాగమును మొద్దుబార్చు పద్ధతియు వ్యాపించుచున్నది. స్కానింగు తెరమీద నరమును చూచుచు సూది వేయుదురు. తుంటి విరిగిన ముసలివారికి ఇది మిక్కిలి మేలు. ఆపరేషనుకు ముందే వేసినచో ఎక్స్‌రే బల్లమీదికి మార్చునప్పటి బాధ తప్పును. అయితే ఇందు రెండు మెలకువలు కావలెను. మొద్దుబారిన కాలు బరువు మోయదు. నొప్పి లేదుగదా అని రోగి ఒంటరిగా లేచి మరుగుదొడ్డికి పోబోయినచో కూలబడి మరల ఎముక విరుగగొట్టుకొనును. రెండవది, ఆ మత్తు కొన్ని గంటలకు దిగును. అది సాధారణముగా నడిరాత్రియగును! స్పర్శ తిరిగి వచ్చుచుండగనే, నొప్పి పూర్తిగా మేల్కొనకముందే మాత్ర పడవలెను. మంట ఇల్లంతయు అంటుకొన్న తరువాత ఎన్ని బిందెలు పోసినను చాలవు.

ఇక మాత్రల సంగతి. వీనిలో పెద్దదిక్కు పారాసిటమాల్. ఇది జ్వరపు బిళ్లయేగదా అని చులకనగా చూచువారు పెక్కుమంది. వేళ తప్పక ఆరేసి గంటలకు ఒకమారు ఇచ్చినచో, ఇతర బలమైన మందుల అవసరము చాలవరకు తగ్గును. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వేసికొన్నచో ఈ ఫలము కలుగదు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి దినమునకు నాలుగు గ్రాములు దాటరాదు. ముసలివారికి, బక్కపలుచనివారికి, కాలేయము చెడినవారికి, నిత్యము త్రాగువారికి ఇంకను తగ్గింపవలెను. ఈ మందు వేరువేరు పేర్లతో, వేరు మందులతో కలిసియు అమ్మబడుచున్నది. జలుబు బిళ్లలో అదే, కొన్ని నొప్పి బిళ్లలలోను అదే. ఆసుపత్రివారు ఇచ్చినది గాక అంగడినుండి మరియొకటి తెచ్చి వేసికొన్నచో, తెలియకుండగనే మోతాదు రెట్టింపై కాలేయము దెబ్బతినును. అట్టమీద సన్నని అక్షరములలో లోపలి మందు పేరు అచ్చువేసియుండును. ఇంటిలో చదువుకొనుచున్న పిల్లలచేత దానిని చదివించుకొనవలెను.

తరువాతివి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మున్నగునవి. ఇవి వాపును నొప్పిని రెంటిని తగ్గించును. ఆపరేషను జరిగిన మొదటి కొలది దినములలో వీనివలన మంచి గుణము కనబడును. కాని ఇవి కడుపులో పుండు పుట్టించగలవు, మూత్రపిండములను చెరుపగలవు. ఇందుకొక నిదర్శనము మన పల్లెల ఆకాశముననే యున్నది. మన చిన్ననాట ఊరి బయట గొడ్డు చచ్చిన రాబందులు గుంపులుగా వ్రాలెడివి. నేడవి ఏవి? పశువులకు డైక్లోఫెనాక్ సూదులు వేయగా, ఆ పశువుల కళేబరములు తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చినవని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. 2006లో భారత ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. మనుష్యుని శరీరము రాబందు శరీరమువంటిది కాదు. వైద్యుడు చెప్పిన నాలుగు దినములు ఆ మందు వాడి మేలుపొందినవారు లక్షలమంది కలరు. అయినను వయసు మళ్లినవారు, చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారు, నీరు చాలక శరీరము ఎండినవారు దానిని సొంతముగా కొని వాడరాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానము ప్రాంతమున మూత్రపిండముల వ్యాధి ఎంతగా వ్యాపించియున్నదో అందరెరుగుదురు. అక్కడివారు ఆపరేషనుకు పోయినప్పుడు తమ ఊరిపేరు వైద్యునికి ముందుగా చెప్పుట మంచిది. ఎముక అతుకు విషయమున ఈ మందులు ఆలస్యము చేయునేమో యను శంకయు వైద్యులలో కలదు. ఈ కారణములచేత వీనిని ఎన్ని దినములు వాడవలెనో చెప్పవలసినవాడు వైద్యుడే గాని, అంగడివాడు కాడు.

మూడవ తెగ మందులు నల్లమందు జాతివి. గసగసాల కాయనుండి కారు పాలనుండి తీయబడు మార్ఫిన్ వీనికి మూలము. మన దేశమున మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో రైతులు ప్రభుత్వ అనుమతితో ఆ పంట పండించుచున్నారు. పండించు దేశమున రోగులకు మాత్రము ఆ మందు సుళువుగా దొరుకలేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమువలన మార్ఫిన్ నిలువయుంచుటకు ఆసుపత్రులు పలు అనుమతులు పొందవలసివచ్చి, పెక్కు ఆసుపత్రులు ఆ జోలికే పోలేదు. 2014లో చట్టమును సవరించి ఆ చిక్కును తగ్గించిరి. 2018లో ట్రమడాల్ అను మందును కూడ, దుర్వినియోగమగుచున్నందున, ఆ చట్టము క్రిందికి తెచ్చిరి.

“ఆ సూది వేస్తే అలవాటు పడిపోతాడేమో” అని బంధువులు భయపడుదురు. భయము పూర్తిగా నిరాధారము కాదు. అమెరికాదేశమున ఈ తెగ మాత్రలను ఆపరేషను తరువాత వారములకొలది విచ్చలవిడిగా ఇచ్చి, ఎందరినో వ్యసనపరులను గావించి ఆ దేశము పెద్ద కష్టమున పడినది. కాని ఆసుపత్రిలో వైద్యుని కంటి ఎదుట, మొదటి రెండు మూడు దినముల తీవ్రమైన నొప్పికి, కొలత ప్రకారము ఇచ్చు మందు వేరు. దానివలన అలవాటు పడుట అరుదు. అవసరమైనవానికి దానిని వద్దనుట న్యాయము కాదని మా అభిప్రాయము. దీనివలన తల తిరుగుట, వాంతి, మలబద్ధకము కలుగవచ్చును. నీరు, పండ్లు, ఆకుకూరలు చాలినంత ఇచ్చుచు, రెండు దినములు విరేచనము కానిచో చెప్పవలెను. రోగి మరీ మగతగా ఉండి, పిలిచినను పలుకక, ఊపిరి మందగించినచో వెంటనే నర్సును పిలువవలెను. నొప్పికి మందని కల్లో సారాయో రహస్యముగా తెచ్చి పోయు బంధువులను మేము ఎరుగుదుము. ఈ మందులపైన సారా పడినచో ఊపిరి ఆగవచ్చును.

మందులు గాక చేతిలో ఉన్న ఉపాయములు కొన్ని కలవు. వైద్యుడు వద్దననిచో ఆపరేషను జరిగిన కాలిని గుండెకంటె కొంచెము ఎత్తున ఉంచినచో వాపు తగ్గి సలుపు తగ్గును. మోకాలి కీలు మార్చినవారికి మాత్రము మోకాలి క్రింద దిండు పెట్టరాదు. హాయిగా ఉండును గాని మోకాలు వంగి అట్లే బిగుసుకొనును. దిండు చీలమండ క్రింద ఉండవలెను. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పావుగంట సేపు కట్టు తడవకుండ ఉంచవచ్చును. పరున్నచోటనే పాదమును పైకి క్రిందికి గంటకు పదిసార్లు ఆడించుట, తొడ కండను బిగించి వదలుట, గట్టిగా ఊపిరి తీసి దగ్గుట మొదటి దినముననే ప్రారంభింపవచ్చును. వ్యాయామము నేర్పువారు వచ్చు వేళకు అరగంట, ముప్పావుగంట ముందు మాత్ర పడియుండునట్లు చూచినచో, రోగి ఏడ్వక నడచును. ఇది చిన్న ఉపాయమే, కాని వార్డులో దీనిని పాటించువారు ఎంత తక్కువ!

పథ్యము సంగతి ఒక్క మాట. పప్పు తిన్నచో చీము పట్టునని, వంకాయ దురదయని, గ్రుడ్డు వేడియని చెప్పి రోగికి చారు మెతుకులు పెట్టు ఇండ్లు నేటికిని కలవు. గాయము మానుటకు, కండ పట్టుటకు పప్పు, పాలు, గ్రుడ్డు కావలెను. ఖాళీ కడుపున నొప్పిబిళ్లలు పడినచో కడుపు మంట తప్పదు.

నొప్పి ఎంతయున్నదో చెప్పుట ఎట్లు? పెద్ద ఆసుపత్రులలో సున్న మొదలు పదివరకు అంకె చెప్పుమని అడుగుదురు. మన పల్లెవారికి ఆ లెక్క తోచదు. కాని వారికి అంతకంటె మంచి లెక్క కలదు. అణాలు పోయి, 1957లో నయాపైసలు వచ్చి ఎన్నియో ఏండ్లయినను, ముసలివారు నేటికిని “రూపాయిలో పావలా తగ్గింది” అందురు. ఆ మాటనే వైద్యునికి చెప్పవచ్చును. రూపాయి నొప్పి అనగా భరింపరానిది. అర్ధరూపాయి అనగా పరున్నప్పుడు సుఖమే, కదలినప్పుడు బాధ. పావలా అనగా పనికి అడ్డు రానిది. సున్నకు దిగవలెనని కోరుట అత్యాశ. దగ్గగలిగి, ప్రక్కకు తిరుగగలిగి, నడువగలిగినచో ఆ మందు పనిచేయుచున్నదన్నమాట. నోరులేని పసివారి విషయమున, మతి తప్పిన వృద్ధుల విషయమున ముఖము చూచి, కాలు ముడుచుకొను తీరు చూచి దగ్గరివారే చెప్పవలెను.

ఇప్పుడు ఇంతకుముందు ఆపిన విషయమునకు వత్తుము. మాకు తెలిసిన ఒక గీత పనివాడు తాటిచెట్టునుండి పడి మోకాలి క్రింది ఎముక విరుగగొట్టుకొనెను. రాడ్డు వేసి కట్టు కట్టిరి. ఆ రాత్రి నొప్పి మాత్రకు లొంగలేదు, సూదికి లొంగలేదు. “రాడ్డు వేసిన కాలు నొప్పి పుట్టక మానుతుందా? తెల్లారేదాకా ఓర్చుకో” అని అన్నదమ్ములు మందలించిరి. భార్య మాత్రము ఊరుకొనలేదు. అతని కాలివ్రేళ్లను పైకి ఎత్తి చూడగా అతడు కెవ్వున అరచెను. పిక్క రాయివలె బిగిసియున్నది. ఆమె రెండుసార్లు నర్సు బల్ల వద్దకు పోయి నిలువబడినది. వైద్యుడు వచ్చి చూచి, క్షణము ఆలస్యము చేయక కట్టు కోసివేసి, మరల ఆపరేషను గదికి తీసికొనిపోయెను.

జరిగినదేమన, మోకాలి క్రింద కండరములు గట్టి పొరల సంచులలో ఉండును. లోపల వాపు పెరిగినచో ఆ సంచి సాగదు. ఒత్తిడి పెరిగి కండకు రక్తము అందక, సుమారు ఆరు గంటలలో కండ చావనారంభించును. అప్పుడు ఆ పొరలను పొడుగున కోసి ఒత్తిడిని విడిచిపెట్టుట తప్ప మార్గము లేదు. ముంజేతికి ఇట్లు జరిగి వ్రేళ్లు గోళ్లవలె ముడుచుకొనిపోవుటను 1881లోనే ఫోక్‌మన్ అను జర్మను వైద్యుడు వివరించెను. బిగుతైన కట్టు అందులకు ముఖ్య కారణమని చెప్పెను. ఊరిలో బద్దలు బిగించి కట్టించుకొన్నవారికిని ఈ ఆపదయే వచ్చుచున్నది. పుత్తూరు కట్టు మొదలు మన ప్రాంతములలో నాటు కట్టులకు పేరు ఉన్నమాట నిజమే. ఎవరు కట్టినను, కట్టిన పిమ్మట వ్రేళ్లు చల్లబడి, తిమ్మిరెక్కి, నొప్పి నిమిషనిమిషమునకు పెరిగినచో ఆ కట్టు వెంటనే విప్పబడవలెను. ఇట్టి సమయమున కాలిని ఎత్తున పెట్టరాదు. గుండెతో సమముగా ఉంచవలెను. ఎత్తినచో అందుచున్న కొద్దిపాటి రక్తమును అందదు.

ఆ గీత పనివాడు నేడు తన రెండు కాళ్లమీద నడచుచున్నాడు. చెట్టెక్కుట మాత్రము మానివేసెను.

చెప్పవలసిన నొప్పులు మరికొన్ని కలవు. ఆపరేషను చోట గాక పిక్కలో నొప్పి పుట్టి, ఒక కాలే వాచి వేడెక్కినచో రక్తపు గడ్డ కావచ్చును. పిక్కను నూనెతో మర్దన చేయుట మన అలవాటు. ఇక్కడ అది ప్రాణాంతకము, గడ్డ కదలి పైకి పోవచ్చును. హఠాత్తుగా ఆయాసము, రొమ్ము నొప్పి, దగ్గులో రక్తము కనబడినచో ఇంట నున్నను 108కి ఫోను చేయవలెను. వారము పది దినములకు తగ్గిన నొప్పి మరల తిరుగబెట్టి, జ్వరము, కుట్ల వద్ద ఎరుపు, చీము కనబడినచో గాయము చెడినదని గ్రహించి, ఆపరేషను చేసిన ఆసుపత్రికే పోవలెను. ఊరిలో సూది వేయువారివద్ద నాలుగు సూదులు వేయించుకొన్నచో నొప్పి అణగును, జ్వరము అణగును, లోపల చీము మాత్రము రాడ్డును అంటి పెరుగును. ఇట్లు ఆలస్యమై వచ్చినవారికి రాడ్డు తీసివేయవలసిన గతియు పట్టుచున్నది.

ఇంటికి పంపునాడు ఇచ్చు కాగితము మీద మాత్రల పేర్లు ఉండును గాని, ఏది ఎన్నాళ్లకు మానవలెనో తరచుగా ఉండదు. నొప్పిబిళ్ల ఏది, కడుపు బిళ్ల ఏది, రక్తము గడ్డకట్టకుండ ఇచ్చునది ఏది, ఏ తేదీన ఏది ఆపవలెనో అడిగి, ఆ తేదీని అక్కడనే వ్రాయించుకొనవలెను. రక్తపు గడ్డల మందును నొప్పి తగ్గినదని ముందే మానరాదు. నొప్పిబిళ్లను అలవాటుగా నెలల తరబడి సాగింపరాదు. కుట్లు విప్పుటకు రెండు వారములలోపుననే మరల పిలుతురు. ఆనాడు మిగిలిన మాత్రలను అట్టలతో సహా తీసికొనిపోయి బల్లమీద పెట్టినచో, అడుగవలసిన ప్రశ్నలలో సగము ఆ అట్టలే అడుగును.